స్క్రిప్టుతో స్లయిడ్లు, చార్ట్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెలనెలా అవే చార్ట్‌లు, అవే స్లయిడ్లు, మారేది అంకెలు మాత్రమే. ఇలాంటి పని చేసేవాళ్ళ కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. స్క్రిప్టు అంటే కంప్యూటర్ వరుసగా చేసుకుపోవాల్సిన ఆదేశాలు రాసిన ఫైల్. ఉదాహరణలు ఎక్కువగా ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాషలోవి. పైథాన్ భాష, సాస్, స్టాటా అనే గణాంకాల సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్ళకు విడిగా ఒక జవాబు ఉంది.

ఇది నిజంగా అవసరమా? కాపీ చేసి పేస్ట్ చేస్తే సరిపోదా?

ఒక్కసారి ఇచ్చే ప్రెజెంటేషన్ అయితే సరిపోతుంది. దానికోసం స్క్రిప్టు రాస్తూ కూర్చోనక్కర్లేదు. అదే ప్రెజెంటేషన్ మళ్ళీ మళ్ళీ చేయాల్సి వచ్చినా, ఒకే నమూనా స్లయిడ్ పది, ఇరవై విభాగాలకు కావాల్సి వచ్చినా స్క్రిప్టు రాయడమే మేలు. సమయం ఎలాగూ కలిసొస్తుంది. అంతకన్నా పెద్ద లాభం, పాత నెల చార్ట్ కొత్త నెల శీర్షిక కింద ఉండిపోయే ప్రమాదం తప్పడం. చేత్తో పేస్ట్ చేసేటప్పుడు ఎక్కువగా జరిగే తప్పు ఇదే. చూసేవాళ్ళకు అంత సులువుగా దొరకదు కూడా.

పవర్‌పాయింట్ లేని కంప్యూటర్‌లో స్క్రిప్టు పీపీటీఎక్స్ ఫైల్ ఎలా తయారుచేస్తుంది?

పవర్‌పాయింట్ ఫైల్ ఫార్మాట్ అయిన పీపీటీఎక్స్ అంటే జిప్ చేసిన ఒక ఫోల్డర్. ఫైల్ పేరు చివర పీపీటీఎక్స్ తీసేసి జిప్ అని పెట్టి తెరిస్తే, లోపల ప్రతి స్లయిడ్‌కూ ఒక ఎక్స్‌ఎంఎల్ (ట్యాగులతో రాసిన టెక్స్ట్) ఫైల్, చిత్రాలకు ఒక ఫోల్డర్, లేఅవుట్లకు (స్లయిడ్‌లో ఏది ఎక్కడుండాలో చెప్పే నమూనాలకు) ఒక ఫోల్డర్ కనిపిస్తాయి. ఆఫీస్ 2007తో వాడుకలోకి వచ్చిన ఈ ఫార్మాట్ 2008లో ఐఎస్ఓ అంతర్జాతీయ ప్రమాణం అయింది. దాని వివరాలన్నీ బయట ఉన్నాయి కాబట్టి ఆ ఎక్స్‌ఎంఎల్‌ను ఏ భాషలోనైనా రాయొచ్చు. ఆర్‌లోని ఆఫీసర్ ప్యాకేజీ (విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే ఆదేశాల కట్ట), పైథాన్‌లోని పైథాన్-పీపీటీఎక్స్ చేసేది అదే. అందుకే లినక్స్ సర్వర్ మీద కూడా ఇవి చక్కగా నడుస్తాయి.

పవర్‌పాయింట్‌నే తెరిచి, దానికి ఆదేశాలిచ్చి నడిపించే పద్ధతి ఇంకొకటి ఉంది. అది విండోస్‌లో, తెర ముందు మనిషి ఉన్నప్పుడు పరవాలేదు. సర్వర్‌లో మాత్రం ఆఫీస్‌ను అలా నడపొద్దని మైక్రోసాఫ్టే చెబుతుంది. మధ్యలో ఏదో డైలాగ్ బాక్స్ వస్తే ఓకే నొక్కడానికి అక్కడ ఎవరూ ఉండరు.

ఆఫీసర్ వాడాలా, క్వార్టో వాడాలా?

స్లయిడ్ ఎలా కనిపించాలో ముందే ఖాయమై ఉంటే, సంస్థ టెంప్లేట్ తప్పనిసరైతే, ఆఫీసర్. ఏ పెట్టెలో ఏది పెట్టాలో మీరే చెబుతారు.

మీరు ప్రధానంగా రాసేది కథనం అయితే, అదే పత్రం వెబ్ పేజీగానూ వర్డ్ ఫైల్‌గానూ కావాలనుకుంటే, మాటలూ కోడూ కలిపి రాసిన పత్రాన్ని వేర్వేరు ఫార్మాట్లలోకి మార్చే క్వార్టో గానీ పాత ఆర్ మార్క్‌డౌన్ గానీ బాగుంటాయి. ఇవి రెండూ వెనకాల పాండాక్ అనే ఫార్మాట్లు మార్చే ప్రోగ్రాం మీద ఆధారపడతాయి. స్లయిడ్‌లో ఎక్కడ ఏది కూర్చోవాలో చాలావరకు పాండాకే నిర్ణయిస్తుంది. మీ సొంత టెంప్లేట్‌ను రిఫరెన్స్ డాక్‌గా (రూపం కోసం చూసుకునే ఫైల్‌గా) ఇవ్వొచ్చు గానీ, అందులోని లేఅవుట్ల పేర్లు పాండాక్ ఎదురుచూసే పేర్లతో సరిగ్గా కలవాలి: టైటిల్ స్లయిడ్, టైటిల్ అండ్ కంటెంట్, సెక్షన్ హెడర్, టూ కంటెంట్ వగైరా. పేరు కలవకపోతే మీ డిజైన్‌ను పక్కనపెట్టి తన సొంత లేఅవుట్ వాడేస్తుంది. "టెంప్లేట్ ఇచ్చినా పట్టించుకోవట్లేదు" అనే ఫిర్యాదు వెనక సాధారణంగా ఉండేది ఈ పేర్ల గొడవే.

నెలవారీ రిపోర్టులకు నా ఓటు ఆఫీసర్‌కే. మొదట్లో నాలుగు లైన్లు ఎక్కువ రాయాల్సి వచ్చినా, తర్వాత "ఈ పెట్టె కొంచెం ఎడమకు జరపండి" అని ఎవరైనా అడిగితే చేతిలో పని.

మొదటి స్లయిడ్ తయారుచేయడానికి కనీసం ఏం రాయాలి?

ఆఫీసర్‌లో నాలుగు ఫంక్షన్లు, అంటే పేరుతో పిలిచే ఆదేశాలు, చాలు. రీడ్_పీపీటీఎక్స్ టెంప్లేట్‌ను తెరుస్తుంది. యాడ్_స్లయిడ్‌కు లేఅవుట్ పేరు ఇస్తే చివర్లో కొత్త స్లయిడ్ చేరుస్తుంది. పీహెచ్_విత్ ఒక ప్లేస్‌హోల్డర్‌లో (లేఅవుట్‌లో ముందే కేటాయించిన పెట్టెలో) శీర్షిక గానీ జీజీప్లాట్ (ఆర్‌లో చార్ట్‌లు గీసే ప్యాకేజీ) చార్ట్ గానీ పట్టిక గానీ పెడుతుంది. చివరగా ప్రింట్, టార్గెట్ అన్నచోట ఫైల్ పేరుతో. ప్రింట్ అంటే కాగితం మీద ముద్రించడం అనుకోవద్దు, ఫైల్‌గా సేవ్ అయ్యేది దానితోనే.

టెంప్లేట్ ఇవ్వకపోతే ఆఫీసర్ తనతో వచ్చే ఖాళీ ఫైల్ వాడుతుంది. అది పాత 4:3 సైజు, అంటే 10 అంగుళాల వెడల్పు, 7.5 ఎత్తు. ఇప్పటి వెడల్పాటి స్లయిడ్లు 13.33 అంగుళాలు. "స్లయిడ్ పక్కల నల్లటి పట్టీలు వస్తున్నాయి" అనేవాళ్ళు ముందు చూసుకోవాల్సింది ఇదే.

టెంప్లేట్ ఎలా సిద్ధం చేసుకోవాలి?

ఈ ఒక్క పని మీద సగం రోజు పెట్టినా తప్పులేదు. రంగులు, లోగో, ఫాంట్, శీర్షిక ఎక్కడుండాలి, చార్ట్ ఎంత జాగా తీసుకోవాలి అన్నవన్నీ స్లయిడ్ మాస్టర్‌లో (లేఅవుట్లన్నిటికీ మూలమైన స్లయిడ్‌లో) ఉండాలి. స్క్రిప్టులో వాటి ఊసే ఉండకూడదు. అంకెలు, వాక్యాలు, చార్ట్‌లు స్క్రిప్టు పని, రూపం టెంప్లేట్ పని. ఈ గీత చెరిగిన చోట, అంటే స్క్రిప్టులో "ఎడమ నుంచి 1.37 అంగుళాలు" లాంటి అంకెలు పేరుకున్న చోట, డిజైన్ మారిన రోజు స్క్రిప్టంతా తిరగరాసుకోవాల్సి వస్తుంది.

పవర్‌పాయింట్‌లో స్లయిడ్ మాస్టర్ తెరిచి, మీకు కావాల్సిన లేఅవుట్లు మాత్రం ఉంచి మిగతావి తీసేయండి. ప్రతి లేఅవుట్‌కూ వేరే పేరు పెట్టండి. ఒకే పేరు రెండింటికి ఉంటే స్క్రిప్టు ఏదని తీసుకోవాలి? ఆ తర్వాత సెలెక్షన్ పేన్ (స్లయిడ్‌లోని పెట్టెల పేర్ల జాబితా) తెరిచి ప్రతి ప్లేస్‌హోల్డర్‌కూ అర్థమయ్యే పేరు ఇవ్వండి: చార్ట్_ఎడమ, చార్ట్_కుడి, వ్యాఖ్య, ఆధారం. ఇక స్క్రిప్టులో పీహెచ్_లొకేషన్_లేబుల్‌కు ఆ పేరు చెబితే చాలు, కొలతలు టెంప్లేట్ నుంచే వస్తాయి.

ఏ లేఅవుట్‌లో ఏ ప్లేస్‌హోల్డర్లు ఉన్నాయో లేఅవుట్_ప్రాపర్టీస్ పట్టికగా చూపిస్తుంది. యానోటేట్_బేస్ అయితే ప్రతి లేఅవుట్‌నూ పేర్లతో సహా ఒక ఫైల్‌గా గీసి ఇస్తుంది. ఆ ఫైల్‌ను పక్కన పెట్టుకుని స్క్రిప్టు రాస్తే తడుముకోవాల్సిన పని ఉండదు.

ఇంకొక మాట. పాత ప్రెజెంటేషన్‌నే టెంప్లేట్‌గా ఇస్తే అందులోని స్లయిడ్లన్నీ అలాగే వచ్చేస్తాయి. ముందు వాటిని తీసేసి, ఖాళీ ఫైల్‌గా దాచుకోండి.

చార్ట్‌ను చిత్రంగా పెట్టాలా, పవర్‌పాయింట్‌లో మార్చుకోగలిగేలా పెట్టాలా?

మూడు దారులున్నాయి. ఏది ఎంచుకున్నారన్నదాని మీద మిగతా చాలా విషయాలు ఆధారపడతాయి.

మొదటిది మామూలు చిత్రం. జీజీప్లాట్ చార్ట్‌ను నేరుగా పీహెచ్_విత్‌కు ఇస్తే పీఎన్‌జీ చిత్రంగా మారి స్లయిడ్‌లో కూర్చుంటుంది. ఏ కంప్యూటర్‌లో తెరిచినా ఒకేలా కనిపిస్తుంది, ఫాంట్ లేదన్న సమస్య రాదు, అనుకోకుండా ఎవరూ చెడగొట్టలేరు. ఎవరైనా ఒక్క అక్షరం మార్చమన్నా మళ్ళీ స్క్రిప్టు నడపాల్సిందే. నా దృష్టిలో అది మంచిదే.

రెండోది ఆర్‌వీజీ ప్యాకేజీలోని డీఎంఎల్. చార్ట్‌లోని ప్రతి గీత, ప్రతి చుక్క, ప్రతి అక్షరం పవర్‌పాయింట్ ఆకారంగా మారుతుంది. ఎంత పెద్దది చేసినా మసకబారదు. చార్ట్‌లో ఏ భాగాన్నైనా నొక్కి రంగు మార్చుకోవచ్చు. ఇబ్బంది ఎక్కడంటే, పదివేల చుక్కల స్కాటర్ ప్లాట్‌ను ఇలా పెడితే స్లయిడ్‌లో పదివేల ఆకారాలు తయారవుతాయి. ఫైల్ తెరుచుకోవడానికే ఆయాసపడుతుంది. కొద్దిపాటి గీతలు, పట్టీలు ఉన్న చార్ట్‌లకే దీన్ని వాడండి.

మూడోది ఎంఎస్‌చార్ట్ ప్యాకేజీ. పవర్‌పాయింట్‌లో మనం చేత్తో పెట్టే అసలు చార్ట్‌నే ఇది తయారుచేస్తుంది. కుడి క్లిక్ చేసి ఎడిట్ డేటా నొక్కితే వెనకున్న ఎక్సెల్ షీట్ తెరుచుకుంటుంది. బార్, లైన్, ఏరియా, స్కాటర్ చార్ట్‌లు హాయిగా వస్తాయి. పటాలు, బాక్స్ ప్లాట్‌లు, చిన్న చిన్న ప్యానెళ్ళుగా విడదీసిన చార్ట్‌లు కావాలంటే మళ్ళీ మొదటి రెండు దారుల్లో ఒకదానికి రావాలి.

ప్రెజెంటేషన్ ఎవరి చేతికి వెళ్తుందో వాళ్ళు దాన్ని దిద్దుకుంటారా లేదా అని ముందే అడగండి. "మేం దిద్దుకోం" అని చెబితే చిత్రమే పెట్టండి, చర్చ అక్కడితో అయిపోతుంది.

ఎంఎస్‌చార్ట్ వాడితే మా డేటా కూడా ఫైల్‌తో పాటు బయటకు వెళ్తుందా?

వెళ్తుంది. చార్ట్‌కు ఇచ్చిన డేటా ఎక్సెల్ షీట్‌గా ఫైల్ లోపలే ఉంటుంది, ఎవరైనా తెరిచి చూడొచ్చు. అందుకే చార్ట్‌కు ఇచ్చే ముందే మొత్తాలు, సగటులు కట్టేసి, చార్ట్‌కు కావాల్సిన కాలమ్‌లు మాత్రమే ఉంచండి. మనుషుల పేర్లు, జీతాలు, ఆరోగ్య వివరాలు ఉన్న పట్టిక మీద నేరుగా చార్ట్ కట్టొద్దు. ఈ విషయంలో అనుమానం వస్తే చిత్రం పెట్టడమే క్షేమం.

స్లయిడ్ మీద చార్ట్ అక్షరాలు చదవలేనంత చిన్నగా వస్తున్నాయి. ఎందుకు?

జీజీప్లాట్‌లో మూల అక్షరాల సైజు 11 పాయింట్లు. పుస్తకం పేజీకి అది సరిపోతుంది, గది చివర కూర్చున్న మనిషికి కాదు. థీమ్‌లో బేస్_సైజ్ 18 దగ్గర పెట్టి చూడండి.

చార్ట్‌ను ముందు జీజీసేవ్‌తో ఫైల్‌గా రాసి, ఆ చిత్రాన్ని స్లయిడ్‌లో పెట్టేవాళ్ళకు ఇంకో చిక్కు వస్తుంది. 14 అంగుళాల వెడల్పున సేవ్ చేసి 7 అంగుళాల పెట్టెలో కూర్చోబెడితే అక్షరాలు సగానికి సగం కుదించుకుపోతాయి. నిష్పత్తి కూడా కలవకపోతే సున్నాలు కోడిగుడ్లలా సాగుతాయి. ప్లేస్‌హోల్డర్ ఎంత వెడల్పు, ఎంత ఎత్తు ఉందో లేఅవుట్_ప్రాపర్టీస్ నుంచి తీసుకుని, సరిగ్గా అదే కొలతలతో సేవ్ చేస్తే 18 పాయింట్లు అన్నది స్లయిడ్ మీద కూడా 18 పాయింట్లే అవుతుంది. చార్ట్‌ను నేరుగా పీహెచ్_విత్‌కు ఇస్తే ఆ కొలతలు అదే చూసుకుంటుంది.

రిజల్యూషన్ గురించి కూడా అడుగుతుంటారు. 13.33 అంగుళాల స్లయిడ్ మొత్తాన్ని నింపే చిత్రానికి అంగుళానికి 144 చుక్కలు పెడితే 1920 పిక్సెళ్ళు వస్తాయి, మామూలు ఫుల్ హెచ్‌డీ తెరకు అది సరిగ్గా సరిపోతుంది. కాగితం మీద ముద్రించే ఉద్దేశం ఉంటే 300. మెయిల్‌లో పట్టనంత పెద్ద ఫైల్ తయారైతే ముందు ఈ అంకె తగ్గించి చూడండి.

చార్ట్‌లో తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి, లేదంటే ఖాళీ గళ్ళు వస్తున్నాయి.

ఖాళీ గళ్ళు వస్తే చార్ట్ వాడుతున్న ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేనట్టు. నోటో సాన్స్ తెలుగు గానీ, విండోస్‌లో ఉండే గౌతమి, నిర్మలా యూఐ గానీ థీమ్‌లో పేరుతో చెప్పండి.

ఒత్తులు విడిపోవడం వేరే సమస్య. క, షలు కలిసి క్ష కావాలంటే అక్షరాలను కూర్చే పని ఒకటి జరగాలి. ఆర్‌లో చిత్రం గీసే పాత ప్రోగ్రాం భాగాలు కొన్ని ఆ పని సరిగా చేయవు. ర్యాగ్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, జీజీసేవ్‌లో డివైస్ అన్నచోట ఏజీజీ_పీఎన్‌జీ ఇవ్వండి. అది హార్ఫ్‌బజ్ అనే అక్షరాలు కూర్చే సాఫ్ట్‌వేర్ సహాయంతో ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూరుస్తుంది. ఎంఎస్‌చార్ట్, డీఎంఎల్ దారుల్లో అక్షరాలు అక్షరాలుగానే ఫైల్‌లోకి వెళ్తాయి కాబట్టి కూర్పు పవర్‌పాయింట్ చూసుకుంటుంది. కాకపోతే తెరిచేవాళ్ళ కంప్యూటర్‌లో ఆ ఫాంట్ ఉండాలి.

విండోస్‌లో తెలుగు అక్షరాల బదులు యాంగిల్ బ్రాకెట్లలో కోడ్ సంఖ్యలు కనిపిస్తుంటే మీ ఆర్ వెర్షన్ చూసుకోండి. 2022లో వచ్చిన 4.2 నుంచి విండోస్ 10 కొత్త వెర్షన్లలోనూ, ఆ తర్వాతి విండోస్‌లోనూ ఆర్ అన్ని భాషల అక్షరాలనూ పట్టే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌నే వాడుతుంది. అంతకు ముందుది వాడుతుంటే అప్‌డేట్ చేస్తే చాలా తలనొప్పులు పోతాయి.

ఒకే స్లయిడ్ ఇరవై విభాగాలకు కావాలి. లూప్ రాస్తే చాలా?

లూప్, అంటే ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే కోడ్, రాయడం తేలిక. ఒక విభాగానికి స్లయిడ్ తయారుచేసే ఫంక్షన్ రాసి, దాన్ని ఒక్కొక్క విభాగానికీ పిలవండి. జాగ్రత్త పడాల్సింది స్కేల్ దగ్గర. ప్రతి చార్ట్ తన డేటాకు తగ్గట్టు నిలువు అక్షాన్ని తానే నిర్ణయించుకుంటుంది. ఒక విభాగంలో 5 నుంచి 8కి పెరిగినా, ఇంకొక విభాగంలో 500 నుంచి 800కి పెరిగినా గీతలు ఒకేలా కనిపిస్తాయి. స్లయిడ్లు ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ చూసేవాళ్ళు అక్షం మీది అంకెలు చదవరు, గీత ఎత్తే చూస్తారు. విభాగాలను పోల్చడం ముఖ్యమైతే, లూప్ మొదలవకముందే మొత్తం డేటా మీద కనిష్ఠం, గరిష్ఠం లెక్కగట్టి, అన్ని చార్ట్‌లకూ అవే ఇవ్వండి. కోఆర్డ్_కార్టీసియన్‌తో హద్దులు పెట్టండి. స్కేల్ ఫంక్షన్‌లో లిమిట్స్‌గా పెడితే హద్దు దాటిన విలువలను చార్ట్ అసలు లేనివాటిగా చూస్తుంది, దాంతో సగటు గీతలు కూడా మారిపోతాయి.

రంగుల విషయంలోనూ అదే జాగ్రత్త. ఒక విభాగంలో ఒక వర్గం లేకపోతే మిగతావాటి రంగులు ఒక మెట్టు జరిగిపోతాయి. ప్రతి వర్గానికీ పేరుతో రంగు కట్టేయండి. రంగులు ఏవి తీసుకోవాలో తెలియకపోతే ఆర్ 4.0 నుంచి ప్యాలెట్.కలర్స్ ఫంక్షన్‌లో ఉన్న ఒకాబే-ఇటో రంగులు తీసుకోండి. వర్ణాంధత్వం ఉన్నవాళ్ళు కూడా వాటిని వేరు చేసి చూడగలిగేలా ఎంచిన రంగులవి.

ఒక విభాగానికి డేటా అసలు రాకపోతే? ఖాళీ చార్ట్ తయారై మౌనంగా ఫైల్‌లో చేరిపోతుంది. స్టాప్‌ఇఫ్‌నాట్‌తో వరుసలున్నాయా, నెల సరైనదేనా, మొత్తం కలుస్తోందా అని ముందే పరీక్షించండి. పరీక్ష నెగ్గకపోతే స్క్రిప్టు ఆగిపోవాలి. తప్పు స్లయిడ్ వెళ్ళడం కన్నా స్లయిడ్ ఆలస్యం కావడం నయం.

శీర్షికలను కూడా స్క్రిప్టే రాయొచ్చా?

"మార్చి అమ్మకాలు" లాంటివి నిశ్చింతగా రాయించండి. "గత నెల కన్నా 4 శాతం పెరిగాయి" అనేది కూడా వాక్యంలో విలువలను అతికించే గ్లూ ప్యాకేజీతో రాయించొచ్చు. పెరిగితే ఒక వాక్యం, తగ్గితే ఒకటి, మారకపోతే ఒకటి, గత నెల డేటా లేకపోతే ఇంకొకటి, నాలుగూ ముందే రాసి పెట్టుకోండి. మైనస్ 3 శాతం పెరిగాయి అని తెర మీద పడితే ఆ రోజు మీరేం చెప్పినా ఎవరూ వినరు.

ఎందుకు పెరిగాయి అన్నది మాత్రం మనిషే రాయాలి. అది డేటాలో ఉండదు.

చేత్తో రాసుకున్న వ్యాఖ్యలు స్క్రిప్టు మళ్ళీ నడపగానే పోతున్నాయి. ఏం చేయాలి?

అన్నిటికన్నా ఎక్కువ మందికి టెన్షన్ తెచ్చేది, అసలు ఈ పద్ధతినే మధ్యలో వదిలేసేలా చేసేది ఇదే. స్క్రిప్టు నడిపారు, ఫైల్ వచ్చింది, అందులో నాలుగు మాటలు మార్చారు, ఒక బాణం గుర్తు పెట్టారు. సాయంత్రానికి డేటాలో సవరణ వచ్చింది. ఇప్పుడు మళ్ళీ నడిపితే మార్పులన్నీ పోతాయి, నడపకపోతే అంకెలు పాతవి.

పరిష్కారం ఒక్కటే: బయటికొచ్చిన ఫైల్‌ను ఎవరూ ముట్టుకోకూడదు. వ్యాఖ్యల కోసం ఒక చిన్న ఎక్సెల్ పట్టిక పెట్టండి. ఒక కాలమ్‌లో స్లయిడ్ పేరు, ఇంకోదానిలో నెల, మూడోదానిలో వ్యాఖ్య. స్క్రిప్టు దాన్ని చదివి వ్యాఖ్య అనే ప్లేస్‌హోల్డర్‌లో పెడుతుంది. కోడ్ రాని సహోద్యోగులు కూడా ఆ పట్టికలో రాయగలరు. అంకెలు ఎన్నిసార్లు మారినా రాసిన మాట చెక్కుచెదరదు. బాణం గుర్తు, "ఇక్కడ కొత్త విధానం మొదలైంది" అనే గీత లాంటివి చార్ట్ కోడ్‌లోనే యానోటేట్‌తో పెట్టండి.

అలవాటు పడేదాకా కొంచెం చిరాకుగానే ఉంటుంది, నిజమే. పవర్‌పాయింట్‌లో ఒక్క క్షణంలో అయ్యే మార్పుకు కోడ్ దాకా వెళ్ళాలా అనిపిస్తుంది. ఆ ఒక్క మార్పు వచ్చే నెల, ఆ పై నెల కూడా చేయాలని గుర్తుంచుకోండి. సగం స్లయిడ్లు పూర్తిగా చేత్తో చేసేవే అయితే రెండు ఫైళ్ళు ఉంచి, సమావేశానికి ముందు కలపండి. ఒకే ఫైల్‌లో చెయ్యీ స్క్రిప్టూ రెండూ పెడితే ఎవరు ఏది మార్చారో తేలదు.

పట్టికలు స్లయిడ్ కింద నుంచి బయటకు పోతున్నాయి.

ఫ్లెక్స్‌టేబుల్ ప్యాకేజీతో చేసిన పట్టిక ప్లేస్‌హోల్డర్ ఎత్తుకు తగ్గట్టు తనంతట తాను కుదించుకోదు. వరుసలు లెక్కపెట్టి, పన్నెండు దాటితే తర్వాతి స్లయిడ్‌కు పంపే ఫంక్షన్ రాసుకోండి. అంతకన్నా ముందు, ఇన్ని వరుసలు తెర మీద ఎవరు చదువుతారో ఆలోచించండి.

"ఫైల్ రాయలేను" అని ఎర్రర్ వస్తోంది.

విండోస్‌లో ఆ ఫైల్ పవర్‌పాయింట్‌లో తెరిచి ఉంది. మూసేసి నడపండి. ఫైల్ పేరులో సంవత్సరం, నెల, తేదీ ఆ వరుసలో పెట్టుకుంటే ఈ గొడవ తగ్గుతుంది, ఫోల్డర్‌లో ఫైళ్ళు కూడా కాలక్రమంలో కనిపిస్తాయి.

నేను పైథాన్ వాడతాను. మా ఆఫీసులో సాస్, స్టాటా కూడా ఉన్నాయి.

పైథాన్-పీపీటీఎక్స్‌కు ఒక గొప్ప సౌకర్యం ఉంది. టెంప్లేట్‌లో చేత్తో అందంగా తీర్చిదిద్దిన చార్ట్ ఉంటే, రీప్లేస్_డేటాతో లోపలి అంకెలు మాత్రం మార్చొచ్చు, రూపం అలాగే ఉంటుంది. డిజైనర్ చేసిన చార్ట్‌ను కాపాడుకోవాలంటే ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించలేదు. ఒక్కటి గమనించండి: కొత్త స్లయిడ్ చేరిస్తే పైథాన్-పీపీటీఎక్స్ లేఅవుట్‌లోని ప్లేస్‌హోల్డర్లను దాదాపు అన్నిటినీ స్లయిడ్‌లోకి తెస్తుంది. నింపనివి ఎడిట్ చేసేటప్పుడు ఖాళీ పెట్టెలుగా కనిపిస్తాయి, వాటిని తొలగించే లైన్ రాసుకోవాలి.

సాస్‌లో 9.4 వెర్షన్ నుంచి ఓడీఎస్ పవర్‌పాయింట్ అనే సౌకర్యం ఉంది, ప్రొసీజర్ ఫలితాలు నేరుగా స్లయిడ్లలోకి వెళ్తాయి. స్టాటాలో పుట్‌డాక్స్ వర్డ్‌కు, పుట్‌పీడీఎఫ్ పీడీఎఫ్‌కు ఉన్నాయి. స్లయిడ్ల కోసం గ్రాఫ్‌లను చిత్రాలుగా ఎగుమతి చేసి, ఆర్ గానీ పైథాన్ గానీ చిన్న స్క్రిప్టుతో కూర్చడం తేలిక.

ప్రతి సోమవారం దానంతట అదే నడవాలంటే?

విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్, లినక్స్‌లో క్రాన్. మీ చేత్తో నడిపితే పనిచేసి, షెడ్యూల్‌లో పనిచేయకపోతే ముందు ఫోల్డర్ దారి చూడండి. షెడ్యూలర్ స్క్రిప్టును వేరే ఫోల్డర్ నుంచి మొదలుపెడుతుంది కాబట్టి "డేటా" అని మాత్రమే రాసిన దారి దానికి దొరకదు. ప్రాజెక్టు ఫోల్డర్‌ను తానే వెతుక్కునే హియర్ ప్యాకేజీ వాడండి, లేదా పూర్తి దారి రాయండి. పీడీఎఫ్ కూడా కావాలంటే లిబ్రాఫీస్‌ను తెర లేకుండా హెడ్‌లెస్ పద్ధతిలో నడిపి మార్పించొచ్చు. ఫాంట్లు ఆ సర్వర్‌లో కూడా ఉండాలని మరవకండి.

ప్యాకేజీల కొత్త వెర్షన్లు వచ్చి ఏడాది తర్వాత చార్ట్ రూపం మారిపోకుండా ఆర్‌ఎన్వ్ ప్యాకేజీతో ఈనాటి వెర్షన్లను నమోదు చేసి ఉంచండి.

ఫైల్ పంపేముందు మనిషి చూడాల్సింది ఇంకా ఏమైనా ఉందా?

ఉంది. స్లయిడ్‌లోని ఒక అంకెను, ఏదో ఒకదాన్ని, అసలు డేటాలో వెతికి సరిచూడండి. ప్రతిసారీ వేరే అంకె తీసుకోండి. అన్ని స్లయిడ్లనూ చిన్న బొమ్మల వరుసగా ఒకసారి చూస్తే ఖాళీ చార్ట్, పొడవైపోయిన శీర్షిక ఇట్టే కళ్ళకు కడతాయి. చూపు లేనివాళ్ళు స్క్రీన్ రీడర్‌తో వినేందుకు ప్రతి చార్ట్‌కూ ఆల్ట్ టెక్స్ట్ (చిత్రాన్ని మాటల్లో చెప్పే వివరణ) ఉందో లేదో గమనించండి. పీహెచ్_విత్‌లో ఆల్ట్_టెక్స్ట్ అని ఇవ్వొచ్చు, శీర్షిక కోసం స్క్రిప్టు తయారుచేసిన వాక్యాన్నే అక్కడా వాడుకోవచ్చు.